ప్రభువు చెట్టు గెల

పదకొండో భాగం

పోయిన వారం కేథరిన్‌ని మనం తోటలో మూడో నంబరు గూబల పెట్టె కింద, తడి గడ్డిలో మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. ఆమె చేతుల్లో ఆడ గూబ చచ్చి పడి ఉంది. ఒంటిమీద దెబ్బ లేదు, రెక్క విరగలేదు, పిల్లి పట్టిన గుర్తు లేదు. ముక్కు చివర ఒక్క నెత్తుటి చుక్క మాత్రం ఆరిపోయి ఉంది. తలపైన పెట్టెలో రెండు పిల్లలు ఆకలికి బుసలు కొడుతున్నాయి. మగది రెండు రోజులుగా కనిపించలేదు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. మన దీవుల్లో, డాలీగంజ్ ఊరు దాటాక ప్రేమయ్యకి అయిదెకరాల కొబ్బరితోట ఉంది. పెద్దకొడుకుని అందరూ పెద్దబ్బాయి అనే పిలుస్తారు. ఓడ ఇంజన్ గదిలో ఉద్యోగం, ఇంట్లో కంటే నీళ్ళ మీదే ఎక్కువ బతుకు. తోట చూసుకునేది అతని భార్య కేథరిన్. మూడేళ్ళ కిందట ఎలకలు సగానికి సగం కాయలు కొట్టేస్తుంటే, చిన్నకొడుకు ప్రసన్న కుమార్ చెట్లు నరికించి టూరిస్టులకి కాటేజీలు కడదామన్నాడు. కేథరిన్ అడ్డం పడింది. మందులన్నీ మానేస్తానంది. నత్తలకి బాతులు, పురుగులకి చెట్టు చీమలు, ఎలకలకి గూబలు, వాటి పని అవి చేసుకుంటాయి, నాకు మూడేళ్ళు ఇవ్వండి అంది. గూబ ఇంటి చాయలకి వస్తేనే దిష్టి తీసే జనం మధ్య, గూబలకి ఇల్లు కట్టిస్తానన్న కోడలిని చూసి నవ్వనివాళ్ళు లేరు.

నవ్వకుండా విన్నవాడు ప్రేమయ్య ఒక్కడే. డెలానీపూర్ తెలుగు సంఘంలో ఆయన పెద్ద. ఇంటి తగువుని కూడా సంఘం తగువులాగే తీర్చాడు. మూడో ఏడు కోత పండగకి ప్రభువు చెట్టునుంచి ఎలక పన్ను పడని గెల గుడికి చేరితే తోట కోడలిది, చేరకపోతే చిన్నకొడుకు ఇష్టం. ఆ మూడో ఏడు ఇదే. ఆ పండగ రేపే.

ప్రభువు చెట్టంటే మరేమీ కాదు. ఈ దీవుల్లో ఓడ దిగి తోటలు వేసిన మొదటితరం క్రైస్తవులు పెట్టుకున్న ఆచారం. తోటలో ఒక చెట్టుని దేవుడి పేర ఎంచుతారు. దాని కాయ ఇంట్లో పచ్చట్లోకి కూడా వాడరు. అన్నిటికంటే మంచి గెలని కోత పండగనాడు గుడికి తీసుకెళ్ళి వేదిక ముందు వెదురుకి కడతారు. కానుక మచ్చలేనిదై ఉండాలి. ఎలకలకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అందుకని ప్రతి ఇంటివాళ్ళూ ఎలక కొట్టిన వైపు గోడకి తిప్పి కట్టేసి, ఏమీ ఎరగనట్టు పాట పాడేవారు. పాస్టరుగారూ ఏమీ ఎరగనట్టే ప్రార్థన చేసేవారు.

ఇక శనివారం పొద్దున మణికుమార్ వచ్చాడు. అతను అడవి శాఖలో పనిచేస్తాడు. అనుమతి కాగితాల కోసం తిరిగి తిరిగి, గూబలకి ఆ నాలుగు పెట్టెల్నీ గడల మీద నిలబెట్టించింది అతనే. బాతుల పాక వెనక బల్ల వేసుకుని, పశువుల డాక్టరు దగ్గర చూసి నేర్చుకున్నట్టుగా, పక్షి రొమ్ము మీద బ్లేడుతో గీత పెట్టాడు. లోపల రక్తం నిండిపోయి ఉంది. కేథరిన్ చూడలేక తల తిప్పుకుంది.

"జహర్ హై దీదీ," అన్నాడు మెల్లగా. "ఎలకల మందు. నీలం బిళ్ళలు ఉంటాయి చూడు, అవి. తిన్న ఎలక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు మత్తుగా తూలుకుంటూ తిరుగుద్ది. పరిగెత్తలేదు. గూబకి అంతకంటే సులువైన వేట ఏముంటాది? అలా రోజుకొకటి తింటే లోపల రక్తం ఆగదు."

"మరి పిల్లలు?"

మణికుమార్ బ్లేడు పక్కన పెట్టాడు. నిచ్చెన తీసుకొచ్చి పెట్టె దగ్గరికి ఎక్కాడు. ఒక పిల్లని తీసి కిందికి అందించాడు. కేథరిన్ అరచేతుల్లో అది చల్లగా తగిలింది. రెండోదాన్ని అట్టపెట్టెలో గుడ్డ పరిచి పెట్టుకున్నాడు. అది బుస కొట్టడానికి నోరు తెరిచింది గాని చప్పుడు రాలేదు.

"ఇంజెక్షన్ వేయించి చూస్తా. ఉమ్మీద్ మాత్రం పెట్టుకోకు దీదీ, ఆశ లేదు." అతను చేతులు కడుక్కుని, ఆమె ముఖంలోకి చూడకుండా అసలు మాట చెప్పాడు. "ఈ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని పక్షి ఇది. చస్తే రిపోర్టు రాయాలి. మందు ఎవరు పెట్టారో తెలిస్తే పేరు రాయాలి. కేసవుద్ది. సోమవారం దాకా ఆగుతాను, బస్, అంతే. ఆపైన నా చేతిలో లేదు."

ఎవరు పెట్టారో కేథరిన్‌కి అప్పటికే తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకుంది. మూడేళ్ళుగా టౌనులో మిడిల్ పాయింట్ ఇంట్లో కూర్చుని కాటేజీల బొమ్మలు గీయించుకుంటున్న మరిది తప్ప ఇంకెవరుంటారు? ఆ మందు బిళ్ళలు ఏరి గుప్పెట పట్టుకెళ్ళి, రేపు గుడి మెట్ల మీద అందరి ముందూ ప్రసన్న ముఖాన కొట్టాలనుకుంది.  తోటలో మొదటి వరసనుంచి ప్రతి మొదలూ వెతకడం మొదలెట్టింది.

పది వరసలు వెతికినా ఏమీ లేదు. పదకొండో వరస చివర ప్రభువు చెట్టు మొదట్లో దొరికాయి. నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించి ఉన్నాయి. వాన పడకుండా, బాతుల ముక్కు దూరకుండా ఒక్కో చిప్ప మీద ఒక్కో ఇటుక. ఎలక మాత్రమే పట్టేంత సందు. లోపల నీలం బిళ్ళలు నలిగిన పొడి. కేథరిన్ మళ్ళీ వెనక్కి వెళ్ళి మిగతా తోటంతా గాలించింది. ఇంకెక్కడా లేదు.

అప్పుడు ఆమెకి తట్టింది. తోట పాడవ్వాలని కోరుకునేవాడు తోటంతా చల్లుతాడు. బాతుల గురించి ఆలోచించి ఇటుకలు పెట్టడు. ఇది ఒక్క చెట్టుని, ఆ చెట్టుకున్న ఒక్క గెలని కాపాడాలనుకున్న మనిషి పని. అలాంటి మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

ప్రేమయ్య వరండాలో పీట మీద కూర్చుని గెల తుడుస్తున్నాడు. దెబ్బ తగలకుండా ఆ పొద్దున్నే మోకు కట్టించి దింపించాడు. పద్దెనిమిది కాయలు. తడిగుడ్డతో ఒక్కో కాయా పసిపిల్ల తల తుడిచినట్టు తుడుస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళ ముఖం వెలిగిపోతోంది.

"రా అమ్మా, సూడు. ఒక్క మచ్చ సూపించు సూద్దాం. రేపు ఆ చిన్నోడి మొకం ఎలాగుంటాదో!"

కేథరిన్ ఒక చిప్పలో ఆ పొడి ఎత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది.  నీలం పొడి పైకే కనిపిస్తోంది.

ప్రేమయ్య చెయ్యి ఆగింది. గుడ్డలోంచి నీళ్ళు మోకాలి మీద కారుతున్నా చూసుకోలేదు.

"మీరేనా మావయ్యా?"

"నీకోసమేనమ్మా," అన్నాడాయన. అబద్ధం ఆడాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. "వానలు తగ్గినాక ఒకనాడు చెట్టు కింద కాయ పడుంది. ఎలక కొట్టినాది. నా గుండె ఆగిపోనాది. మూడేళ్ళు నువ్వు పడ్డ కష్టం నాను సూళ్ళేదా? నత్తలేరినావు, బాతుల్ని పెంచినావు, జనం గూబలమ్మ అని ఎక్కిరిస్తే పడ్డావు. ఒక్క ఎలక వల్ల అంతా పోవాలా? ఒక్క చెట్టు కిందే పెట్టినాను. పదంటే పది రోజులు. ఎలక సచ్చిపోద్దనుకున్నాను. దాన్ని పక్షి తింటాదని నాకేటి తెలుసు?"

"మూడేళ్ళుగా నేను చెప్తున్నది అదే కదా మావయ్యా! ఎలకని గూబ తింటాదనే కదా!"

 పాపం, ఆయన విన్నాడు. ప్రతి మాటా తలూపుతూ విన్నాడు. దేవుడి వాక్యం విన్నట్టే విన్నాడు. అయితే వాక్యం వినడం వేరు, ఇంట్లో ఎలక కనిపించినప్పుడు చేతికి వచ్చే పని వేరు. మన అందరి సంగతీ అంతే.

"ఆడది చచ్చిపోయింది," అంది కేథరిన్. "ఒక పిల్ల చచ్చిపోయింది. రెండోది రేపో మాపో. మగది ఎక్కడ పడుందో తెలీదు."

"అయ్యో ప్రభువా."

"ఇంకొకటి చెప్పనా?" చెప్పకూడదని ఆమెకి తెలుసు. ముసలాయన తట్టుకోలేడని తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమెకి జాలి కలగలేదు, కసి కలిగింది. "లేవండి. ఆ పక్క చెట్టు చూడండి. దాని కింద మందు లేదు. ఆ వరసంతా లేదు. కాయలు చూడండి. ఎక్కడైనా పన్ను గాటుందా?"

ప్రేమయ్య కళ్ళజోడు సవరించుకుని వరండా అంచుకి వచ్చాడు. మెడ ఎత్తి ఒక చెట్టు చూశాడు. పక్కదీ, దాని పక్కదీ చూశాడు. గెలలన్నీ నున్నగా, నిండుగా ఉన్నాయి.

"మరి ఆ కాయ?"

"ఒక్క కాయ మావయ్యా. అయిదెకరాల్లో ఒక్కటి. ఎలకలు మొత్తం పోతే గూబలేం తిని బతుకుతాయి? ఆ కాయ ఎలకది, ఆ ఎలక గూబది, మిగతాదంతా మనది. ఈ గెలకి మీ మందు అక్కర్లేదు. మనం ఎప్పుడో గెలిచాం."

ఆయన నిలబడ్డచోటే స్తంభానికి ఆనుకున్నాడు.  మందు ఎక్కడ కొన్నారని కేథరిన్ అడిగితే, "ఎక్కడిదైతే ఏటమ్మా, పెట్టినోడిని నాను," అని మాత్రం అన్నాడు. కాసేపాగి, చిన్నపిల్లాడిలా అడిగాడు: "అయితే రేపు ఇది పట్టుకెళ్ళకూడదా?"

కేథరిన్ చిప్ప తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నోరు మూసుకుంటే తోట ఆమెది. నోరు విప్పితే మందు పెట్టిన గెల చెల్లదు, తోట ప్రసన్నది, కేసు మావయ్యది. తోట దక్కినా గూబలు లేవు. గూబలు లేని తోటలో వచ్చే ఏడాదికి ఎలకలు తిరిగి పుట్టుకొస్తాయి. ఎటు తిప్పి చూసినా ఆమెకి మిగిలేది ఏమీ కనిపించలేదు. భర్తకి ఫోన్ చేస్తే ఓడ సిగ్నల్ దాటిపోయింది. సాయంత్రం బాతుల్ని తోలుకొచ్చి పాకలో వేసింది, వంట చేసింది, మావయ్యకి కంచం పెట్టింది. 

ఆదివారం గుడి నిండిపోయింది. గుమ్మం దగ్గర ప్రసన్న కుమార్ ఎదురొచ్చి తండ్రి చేతిలోని గెల వంక చూశాడు. ఒక్కో కాయా వేలితో తిప్పి చూశాడు. చివరి కాయ చూశాక నిటారుగా నిలబడ్డాడు.

"మాట మాటే వదినా. తోట నీదే," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గాని కుదరలేదు. నిన్నంతా తిట్టుకున్నందుకు కేథరిన్‌కి అతని ముందు సిగ్గేసింది.

పాటలయ్యాయి, వాక్యమయ్యింది. పాస్టరుగారు గొంతు పెంచారు. "ఒక్క చుక్క మందు లేకుండా, దేవుడు చేసిన జీవులతోనే దేవుడి తోటను బాగుచేసిన మన సహోదరి కేథరిన్ ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది." చప్పట్లు మోగాయి. మూడేళ్ళు నవ్వినవాళ్ళ చేతులే అవి.

కేథరిన్ లేచి వెళ్ళింది. రెండు మాటలు చెప్పి కూర్చుందామనుకుంది. దేవుడికి స్తోత్రం, అందరికీ వందనాలు, అంతే. మావయ్య పరువు మిగులుతుంది, సోమవారం సంగతి సోమవారం. మైకు పట్టుకుని మాట కోసం అటూ ఇటూ చూసినప్పుడు వేదిక ముందు వెదురుకి కట్టిన గెలలు కనిపించాయి.

పదకొండు ఇళ్ళ గెలలు. ఒక్క గెల కూడా గోడకి తిప్పి లేదు. అన్నీ జనం వైపే తిరిగి ఉన్నాయి. మొదటి గెలనుంచి చివరి గెల దాకా ఒక్కటంటే ఒక్క గాటు లేదు. మిగతా పది ఇళ్ళలోనూ గూబ పెట్టెలు లేవు, బాతులు లేవు. పోయినేడు ఇదే వెదురు మీద సగం కాయలు కొట్టేసి ఉన్నాయి. 

ఆమె అనుకున్న మాటలు రాలేదు.

"ఈ ఏడు ప్రభువు చెట్టు కింద ఎలకల మందు పెట్టినవాళ్ళు," అంది మైకులో, "దయచేసి లేచి నిలబడండి."

 ముందు బెంచీలో ప్రేమయ్య లేచాడు. తల దించుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గుడిలో కానుకల పళ్ళెం పట్టుకున్న మనిషి అలా నిలబడితే చూడలేక కేథరిన్ కళ్ళు మూసుకుంది. ఆ ఒక్కడే అని ఆశపడింది.

తెరిచేసరికి శామ్సన్ లేచి ఉన్నాడు. పక్క తోటవాడు. సిగ్గుగా కాదు, సంబరంగా లేచాడు. "ప్రేమయ్య మావయ్యే పంచిపెట్టాడు దీదీ! ఏక్‌దమ్ పక్కా మాల్. ఒక్క కాయ కూడా పోలేదు!" వెనక బెంచీలో ఇంకో తోట యర్రమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆమె పక్కన ఇద్దరు, అటు చివర ముగ్గురు, కిటికీ దగ్గర ముగ్గురు. సాక్ష్యానికి లేవమన్నప్పుడు లేచినట్టే, మంచిపనికి లేచినట్టే లేచారు.

కేథరిన్ మావయ్య వంక చూసింది.

"నా ఒక్కడి గెలే బాగుంటే దేవుడి దగ్గిర దొంగతనం చేసినట్టుంటదని..." అన్నాడు ప్రేమయ్య తల ఎత్తకుండా. "అందరికీ ఇచ్చినానమ్మా."

అంటే మగ గూబ ఎటు ఎగిరినా ఆ మందే. శామ్సన్ తోటకి వెళ్ళినా, యర్రమ్మ తోటకి వెళ్ళినా, సముద్రం అంచు దాకా వెళ్ళినా తూలుతున్న ఎలకే దొరుకుతుంది. దాని కోసం ఇంక ఎదురుచూడక్కర్లేదని కేథరిన్‌కి అర్థమైంది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒకటి మిగలాలి.

అప్పుడు కుడివైపు బెంచీలో ఇంకొకరు లేచారు. తోట లేనివాడు, చెట్టు లేనివాడు, గెల తేనివాడు. ప్రసన్న కుమార్.

ప్రేమయ్య గబుక్కున తల ఎత్తాడు. "నువ్వు కూర్చోరా! నాను తెమ్మంటే బజార్లో కొని తెచ్చినావు, అంతే. నీకేటి సంబంధం?"

"డబ్బా మీద బొమ్మ ఉంది నాన్నా," అన్నాడు ప్రసన్న. తండ్రి వంక కాదు, నేల వంక చూస్తున్నాడు. "పక్షి బొమ్మ, దాని మీద ఎర్ర గీత. కింద రాసింది కూడా చదివాను. ఈ మందు తిన్న ఎలకని తింటే పక్షులు చస్తాయని."

ప్రసన్న అప్పుడు తండ్రి వైపు తిరిగాడు.

"నీకు అక్షరాలు ఆనకపోయినా ఆ బొమ్మ ఆనుతుందని తెలుసు," అన్నాడతను. "అందుకే డబ్బా పారేసి, బిళ్ళలు మాత్రం సంచీలో పోసి ఇచ్చాను."